మీటకు ఆజ్ఞ నొసగు వలయము: కోదాడ సీమలో గేటు డ్రైవుల చరిత్ర

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు రాజమార్గము తెలంగాణమును విడుచుటకు కొంచెము ముందుగా తాకు కోదాడయు, దానికి వాయవ్యమున సూర్యాపేటయు, నైరుతి దిక్కున మిర్యాలగూడయు త్రిభుజముగా నిలిచి, తమ నడుమనున్న నేలను చిరకాలము నల్లగొండ జిల్లాలోని ఒకే ఆర్థిక మండలముగా నడపినవి. 2016 అక్టోబరు 11న సూర్యాపేట ప్రత్యేక జిల్లా అయ్యెను, కోదాడ దానిలో చేరెను, మిర్యాలగూడ నల్లగొండలోనే మిగిలెను. ఐనను నీరు, వడ్లు, సున్నపురాయి అను మూడింటి వలన కలిగిన బంధుత్వము ఆ సరిహద్దు వలన చెడలేదు. 1955 డిసెంబరు 10న జవాహర్‌లాల్ నెహ్రూ నందికొండ చెంత నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేయుటయు, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు విడుచుటయు, లాల్‌బహదూరు శాస్త్రి పేర వెలసిన ఎడమకాలువ ఈ మెట్టసీమను తడిపి వరిపొలముగా మార్చుటయు అందరు నెరిగిన చరిత్రయే. ఆ వరి మిర్యాలగూడకు ఉప్పుడు బియ్యపు మిల్లుల నిచ్చినది. కృష్ణాతీరపు సున్నపురాయి మేళ్లచెరువు, మఠంపల్లి, వాడపల్లి ప్రాంతములకు సిమెంటు కర్మాగారముల నిచ్చినది. ఈ మిల్లులను, ఈ బట్టీలను త్రిప్పునది విద్యుత్తు. ఆ విద్యుత్తును చెప్పినట్లు వినునట్లు చేయునవి అర్ధవాహకపు మీటలు. ఆ మీటలకు ఆజ్ఞ నొసగునది గేటు డ్రైవు అను నొక చిన్న వలయము. ఈ సీమ చరిత్రలో ఆ వలయమునకును ఒక పీట వేయవలెనని నా యభిలాష.

సాగరు కాలువ తూము నొద్దనున్న లష్కరు స్వయముగా ఒక్క చుక్క నీటినైనను మోయడు. అతడు పిడి త్రిప్పుటకు వలయు బలము కాలువ బలములో లవలేశము. ఐనను అతడు వేళకు తలుపెత్తినచో వందల ఎకరములు తడియును, వేళ తప్పినచో గట్టు తెగును. గేటు డ్రైవు చేయు పని అచ్చముగా ఇట్టిదే. కొన్ని వోల్టుల స్వల్ప సంకేతమును గ్రహించి, దానిని మీట యొక్క గేటునకు తగిన పదునుతో, తగిన క్షణమున అందించి, ఆ మీట వందల వోల్టుల నడుమ నిలిచియున్నను ఆ వోల్టేజి తనకు సంకేతమును పంపిన సుకుమారమైన లెక్కల వలయమునకు తగులకుండ అడ్డు నిలిచి, ఆపద వచ్చినప్పుడు మైక్రోసెకండ్లలో మీటను మూసివేయుట దాని ధర్మము. మీట యొక్క బలము పుస్తకములలో పెద్ద యక్షరములతో ప్రకటింపబడుచున్నది; కాని యంత్రము నిలిచిపోయిన రాత్రివేళ మెకానిక్కు మొదట వెదకునది గేటు సంకేతమునే.

సాగరమునకు శంకుస్థాపన జరిగిన దినమున ఇట్టి ఘనరూపపు మీట పరిశ్రమల చేతిలో ఎక్కడను లేదు. అంతకు పూర్వము భారీ విద్యుత్తును అదుపు చేయుటకు పాదరసపు ఆవిరి నింపిన పాత్రలుండెడివి. 1902లో పీటర్ కూపర్ హ్యూయిట్ కనుగొన్న పాదరస రెక్టిఫయరునకు పిమ్మట ఒక గ్రిడ్డును చేర్చి, ప్రవాహ మారంభమగు క్షణమును నిర్ణయించు విద్యను ఇంజనీర్లు నేర్చిరి. 1956లో బెల్ ప్రయోగశాలల వారు నాలుగు పొరల సిలికాను మీటను వివరించిరి. 1957లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థ వారు దానిని బలమైన విద్యుత్తును మోయగల వస్తువుగా నిర్మించిరి. అదియే ఎస్‌సీఆర్, తరువాతి పేర థైరిస్టరు. 1959 ఏప్రిలు 1న ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర విద్యుచ్ఛక్తి మండలి ఏర్పడునాటికి అది ఇంకను శైశవమునందే యుండెను. కాలువకు నీరు వచ్చు నాటికి పాశ్చాత్య పరిశ్రమలలో స్థిరపడినది. పంటకు నీరును యంత్రమునకు ఈ నూతన మీటయు ఒకే తరములో సిద్ధమైనవని తలచునపుడు నా మనస్సునకు గొప్ప సంతోషము కలుగుచుండును.

ఈ ప్రాంతములో ఆ మీటకు తగిన గంభీరమైన పనిని కల్పించినది సిమెంటు. భారత సిమెంటు సంస్థ (సిమెంట్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) అధ్యక్షులుగా పనిచేసిన బి.వి. రాజుగారు వాడపల్లి చెంత విష్ణుపురమున రాశి సిమెంటును నెలకొల్పిరి; 1980ల దశాబ్దమున మఠంపల్లి, నేరేడుచర్ల ప్రాంతములలో సాగర్, నాగార్జున, డెక్కన్ మున్నగు పేరులతో కర్మాగారములు వెలసినవి. సిమెంటు బట్టీ పదుల మీటర్ల పొడవు గల ఉక్కు గొట్టము. కొంచెము వాలుగా పండుకొని, నిమిషమునకు కొలది చుట్లు మాత్రమే తిరుగుచు, తన గర్భమున సున్నపురాయి పొడిని సుమారు 1450 డిగ్రీల వేడిమికి తెచ్చును. దీనిని కదలించుటకు మొదట మహత్తరమైన త్రిప్పుబలము వలయును. కదలిన పిదప వేగమును మెల్లగా, నిశ్చితముగా పెంచుటయు తగ్గించుటయు వలయును. కాగుచున్నప్పుడు ఆకస్మికముగా నిలిచినచో గొట్టము తన బరువునకు తానే వంగిపోవును. ఆ కాలపు సాంకేతిక విద్యలో ఇట్టి పనికి డీసీ మోటారే తగినదని ప్రసిద్ధి. గ్రిడ్డు నుండి వచ్చు మూడు ఫేజుల ఏసీ విద్యుత్తును ఆరు థైరిస్టర్ల వంతెన ద్వారా డీసీగా మార్చి, ఆ డీసీ వోల్టేజిని పెంచి తగ్గించి మోటారు వేగమును శాసించెడివారు.

ఆ ఆరు థైరిస్టర్లకు ఆజ్ఞ నిచ్చు ఫలకమును కర్మాగారపు ఎలక్ట్రీషియన్లు ఫైరింగు కార్డు అని పిలిచిరి. దానిలోని యుక్తి చూడదగినది. మన విద్యుత్తు సెకనుకు 50 మారులు ఆవర్తన మొందును. ఒక్కొక్క ఆవర్తనమునకు 20 మిల్లీసెకండ్లు. ఆరు మీటలు వంతులవారీగా మేల్కొనవలెను గనుక, ప్రతి 3.3 మిల్లీసెకండ్లకు ఒక్కొక్కటి పిలుపు నందుకొనవలెను. కార్డు మొదట గ్రిడ్డు తరంగము సున్నను దాటు క్షణమును కనిపెట్టును. అచటి నుండి ఒక కెపాసిటరు క్రమముగా నిండుచుండగా, కోరిన వేగమును బట్టి నిర్ణీతమైన మట్టమును అది చేరినంతనే యూజేటీ అను ఒక చిన్న ట్రాన్సిస్టరు తెరచుకొని పదునైన పల్సును పుట్టించును. ఆ పల్సు చిన్న ఫెర్రైటు ముద్దపై చుట్టిన పల్సు ట్రాన్సుఫార్మరు ద్వారా థైరిస్టరు గేటును చేరును. పల్సు ముందుగా వచ్చిన మోటారుకు ఎక్కువ వోల్టేజి, ఆలస్యముగా వచ్చిన తక్కువ. గేటుకు చాలినది రెండు మూడు వోల్టులును, ఆంపియరులో పదవ వంతో ఐదవ వంతో ప్రవాహమును. దానిచే మేల్కొన్న మీట వందల ఆంపియర్లను మోయును. పిమ్మట 1980లలో సీమెన్సు వారి టీసీఏ 785 అను ఒకే చిప్పు ఆ కార్డులోని పనులనెన్నింటినో తనలో నిముడ్చుకొనెను.

థైరిస్టరు సద్గుణముతోపాటు ఒక మొండితనమును గలది. ఒకసారి మేల్కొన్న తరువాత గేటు మాట వినదు. తనలోని ప్రవాహము దాదాపు సున్నకు దిగినప్పుడే నిద్రించును. ఏసీ గ్రిడ్డుపై తరంగమే మారి మారి వచ్చుచు దానిని నిద్రబుచ్చును గాన బట్టీ పని సాగినది. పల్సు నెమ్మదిగా లేచినచో సిలికాను పలకలో గేటు చుట్టునున్న చిన్న భాగమే మొదట మేల్కొని, ఆ చోటనే ప్రవాహమంతయు క్రమ్ముకొని, పలక కాలిపోవును. కావున పల్సు నిట్టనిలువుగా లేవవలెను. మోటారు చుట్టలలో ప్రవాహము మెల్లగా పెరుగును. పల్సు క్షణమాత్రమై ముగిసినచో మీట మేల్కొనియు మరల నిద్రించును. కావున ఒక్క పల్సునకు బదులు పల్సుల వరుసను పంపవలెను. గేటు తీగలను రెండింటిని మెలివేసి వేయకున్నచో ప్రక్కనున్న భారీ కేబుళ్ల ప్రభావము తగిలి పిలువని వేళ మీట మేల్కొనును. ఆరింటిలో ఒక్క పల్సు లోపించినచో మోటారు వణకుచు గుర్రుమనును. చెవి తేరిన మెకానిక్కు ఆసిలోస్కోపు తెరువక మునుపే దానిని గుర్తించును. సిమెంటు ధూళి నిండిన గదులలో ఈ సూక్ష్మములను చేతివాటముగా నేర్చినవారిని నేను శిల్పులతో సమానముగా గౌరవింతును.

కర్మాగారము గుమ్మము దాటని సామాన్య గృహస్థునకు సైతము ఈ విద్య ఫ్యాను రెగ్యులేటరు రూపమున గోడమీదికి వచ్చినది. పూర్వపు రెగ్యులేటరు పెద్ద పెట్టెగా నుండి, నిరోధకపు తీగ చుట్టలో విద్యుత్తును వేడిగా వ్యర్థపరచెడిది. దాని స్థానమున వచ్చిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటరులో ట్రయాక్ అను రెండు దిక్కుల మీటయు, డయాక్ అను చిన్న మీటయు, ఒక కెపాసిటరును, త్రిప్పు పిడితో కూడిన నిరోధకమును మాత్రమే యుండును. డయాక్ సుమారు 30 వోల్టుల కడ తెరచుకొని ట్రయాక్ గేటును తట్టును. ఇది మిక్కిలి సరళమైన గేటు డ్రైవు. కోదాడలోని గోడకు నున్న రెగ్యులేటరును మేళ్లచెరువు బట్టీ కార్డును ఒకే సూత్రము నడిపినది.

మీటను మూయుటకు గూడ గేటుకే అధికార మీయవలెనను కోరిక బ్యాటరీవంటి డీసీ మూలములపై పనిచేయు యంత్రముల వలన కలిగినది. మొదట కెపాసిటర్లతోను చుట్టలతోను థైరిస్టరును బలవంతముగా నిద్రబుచ్చు వలయములను అమెరికాలో మెక్‌మరే ప్రభృతులు 1960లలో రచించిరి. అవి బరువైనవి, ధ్వని చేయునవి. పిమ్మట జీటీఓ అను థైరిస్టరు వచ్చినది. దాని గేటులో ప్రవాహమును తిరుగదోడినచో మూసికొనును. కాని దానికి చెల్లింపవలసిన మూల్య మెంత! 3000 ఆంపియర్లను మూయుటకు గేటు నుండి 600 మొదలు 1000 ఆంపియర్ల వరకు కొలది మైక్రోసెకండ్లలో వెనుకకు లాగవలెను. ఆజ్ఞ నిచ్చు వలయమే ఒక శక్తియంత్ర మయ్యెను. 1990ల నడుమ భారతీయ రైల్వేలు ఏబీబీ సంస్థ నుండి తెచ్చుకొన్న మూడు ఫేజుల విద్యుత్ ఇంజనులు ఈ జీటీఓలపైననే నడచినవి.

తెలుగు నేలపై అత్యున్నత వోల్టేజి వద్ద ఈ విద్యకు పరీక్ష జరిగిన చోటు కోదాడకు దూరము. 1980ల తుదిలో దిగువ సీలేరు నుండి బార్సూరు వరకు సుమారు 200 కిలోమీటర్ల ప్రయోగాత్మక డీసీ లైను దేశీయముగా నిర్మింపబడెను. 1999లో విశాఖ చెంత గాజువాకలో తూర్పు దక్షిణ గ్రిడ్డులను కలుపు కేంద్రము వెలసెను. అట్టి చోట్ల వరుసగా పేర్చిన థైరిస్టర్లు ఒక్కొక్కటి ఒక్కొక్క వోల్టేజిపై తేలుచుండును గాన, గేటుకు ఆజ్ఞ తీగ ద్వారా పోజాలదు. గాజుపోగులో వెలుగుగా పోవును.

ఇక మన సీమ ఇండ్లలోనికి మీటను తెచ్చినది కరెంటు కోత. వేసవులలో గంటలకొలది సరఫరా నిలిచిన ఆ సంవత్సరములను, వ్యవసాయమునకు రాత్రివేళ మాత్రమే కరెంటు వచ్చినపుడు రైతు టార్చి పట్టుకొని మోటారు కడకు పోయిన సంవత్సరములను ఈ ప్రాంతము మరచిపోలేదు. 2012, 2013 ప్రాంతములలో పరిశ్రమలకు సైతము కరెంటు సెలవులు ప్రకటింపబడినవి. అట్టి వేళ ఇంటింట ఒక ఇన్వర్టరును, దాని ప్రక్క ఒక బరువైన బ్యాటరీయు చేరినవి. ఆ పెట్టెలోని మీట మోస్‌ఫెట్. 1970ల తుదిలో ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ సంస్థ విడుదల చేసిన ఈ జాతి మీటకు గేటులో నిలకడగా ప్రవాహ మక్కరలేదు. గేటునకును లోపలి సిలికానునకును నడుమ మిల్లీమీటరులో పదివేలవ వంతు మందమైన గాజువంటి పొర యుండును. ఆ చిన్న కెపాసిటరును నింపినచో మీట తెరచుకొనును, ఖాళీ చేసినచో మూసికొనును.

వినుటకు ఇది సులభము, చేయుటయందే కష్టము. మరమ్మతు అంగళ్లలో మిక్కిలి పేరొందిన జెడ్44 వంటి మోస్‌ఫెట్టు గేటును నింపుటకు సుమారు 60 నానోకూలుంబుల విద్యుదావేశము వలయును. దానిని 60 నానోసెకండ్లలో నింపదలచిన ఆ స్వల్పకాలము ఒక ఆంపియరు ప్రవాహము నీయగల డ్రైవు కావలెను. డ్రైవు నీరసమైనచో మీట తెరచుటకును మూయుటకును నడుమ సగము తెరచిన స్థితిలో తడబడి, అచటనే వేడెక్కి చచ్చును. గేటుపై 20 వోల్టులు దాటినచో ఆ పలుచని పొర చిల్లుపడును. పొడిగాలిలో చేతివ్రేలి స్థిరవిద్యుత్తు చాలును. బ్యాటరీ దిగజారి గేటుకు చాలినంత వోల్టేజి అందని వేళనే ఎక్కువ మీటలు కాలును. అందుకే బ్యాటరీ సుమారు పదిన్నర వోల్టులకు దిగినంతనే పెట్టె తనంత తానే ఆగిపోవు ఏర్పాటును చేసిరి. ఒక హీట్ సింకుపై వరుసగా నిలిచిన మోస్‌ఫెట్టులలో ఒకటి పోయినచో మంచి మెకానిక్కు ఆ వరుసనంతను మార్చి, ఒక్కొక్క గేటు ముందున్న నిరోధకమును కొలిచి, డ్రైవరు ట్రాన్సిస్టర్లను సరిచూచి, తరువాతనే బ్యాటరీ తగిలించును. తొందరపడినవాడు మీటను మాత్రము మార్చి, మరుక్షణమున పొగను చూచును. 1976లో బాబ్ మమ్మానో సిలికాన్ జనరల్ సంస్థలో రూపొందించిన 1524 చిప్పు సంతతియే ఈ పెట్టెలలో పల్సులను లెక్కించినది. 2018 జనవరి 1 నుండి తెలంగాణమున వ్యవసాయమునకు సైతము ఇరువదినాలుగు గంటల సరఫరా వచ్చిన పిమ్మట ఇన్వర్టరు ఆవశ్యకత తగ్గినది గాని, దాని మరమ్మతున చేయి తిరిగినవారి విద్య మాత్రము మరియొక యంత్రమునకు మరలినది.

ఆ యంత్రము మిర్యాలగూడ మిల్లులలోని వేగ నియంత్రకము. మిల్లువారు దానిని క్లుప్తముగా డ్రైవు అందురు. దాని హృదయము ఐజీబీటీ. మద్రాసున 1948లో జన్మించి, మద్రాసు ఐఐటీలో 1969లో పట్టము పుచ్చుకొన్న బి. జయంత్ బాలిగ, జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో 1980ల ఆరంభమున ఈ మీటను సిద్ధపరచెను. గేటున మోస్‌ఫెట్టు సౌలభ్యమును, ప్రవాహమున ట్రాన్సిస్టరు సామర్థ్యమును దానిలో కూడినవి. 2024లో ఆయనకు ఫిన్లండు దేశపు మిలీనియం టెక్నాలజీ బహుమానము లభించినది. దక్షిణభారతమున పెరిగిన ఒకని మేధ మన వడ్లబస్తాల నడుమ తిరుగుచున్నదను సంగతి పాఠశాలల పిల్లలకు చెప్పదగినది.

415 వోల్టుల సరఫరాను డ్రైవు మొదట సుమారు 580 వోల్టుల డీసీగా మార్చును. తరువాత మూడు జతల ఐజీబీటీలతో కోరిన పౌనఃపున్యము గల ఏసీని అల్లి మోటారు కిచ్చును. ప్రతి జతలోను క్రింది మీట నేలను పట్టుకొని నిలుచును; పై మీట కాలు మాత్రము సున్న నుండి 580 వోల్టులకు సెకనులో కొన్ని వేలమారులు ఎగిరిపడుచుండును. అట్లెగురువానికి నేలపై నిలిచి ఆజ్ఞ నిచ్చుట యెట్లు? కొందరు వెలుగును నమ్మిరి: టీఎల్‌పీ 250 వంటి ఆప్టోకప్లరులో ఒక చిన్న దీపము వెలిగి ఆవలి యొడ్డున గేటును నడపును. కొందరు బూట్‌స్ట్రాప్ యుక్తిని నమ్మిరి: క్రింది మీట తెరచియున్న క్షణమున ఒక కెపాసిటరును నింపుకొని, ఆ నిలువతోనే పై మీట గేటును నింపుదురు, ఇంటర్నేషనల్ రెక్టిఫయర్ వారి ఐఆర్ 2110 ఇందునకు ప్రసిద్ధి. జతలోని రెండు మీటలు ఒకేసారి తెరచుకొన్నచో డీసీ మొత్తము వాని గుండా దూకి, పేలుడుతో ముగియును; కావున ఒకటి మూసిన పిదప రెండవది తెరచుటకు ముందు ఒకటి రెండు మైక్రోసెకండ్ల మౌనమును పాటింపవలెను. పై మీట ఎగిరిన వేగమునకు క్రింది మీట గేటులో దొంగవోల్టేజి పుట్టును. దానిని అణచుటకు మూయునపుడు సున్నతో తృప్తి పడక ఋణ వోల్టేజినే ఇచ్చెదరు. మోటారు తీగలు షార్టయినచో ఐజీబీటీ సుమారు 10 మైక్రోసెకండ్లు మాత్రమే ఓర్చుకొనును. ఆ లోపల గేటు డ్రైవే మీట కొనల మధ్య వోల్టేజి అసహజముగా పెరుగుటను గమనించి, మెల్లగా, కుదుపు లేకుండ మూయవలెను. ఊకపొడియు తవుడును ఆవిరియు కలసిన మిల్లు గాలిలో, పొడి పేరుకొని తేమ పట్టిన ఫలకముపై, ఈ మైక్రోసెకండ్ల ధర్మమంతయు నిలుచుట ఆశ్చర్యకరము.

మిర్యాలగూడ మీదుగా పోవు పగిడిపల్లి–నల్లపాడు రైలుమార్గము 2010ల తుదిలో 25 వేల వోల్టుల తీగను ధరించినది. ఆ దారిపై నేడు నడచు ఇంజనులలో జీటీఓలకు బదులు ఐజీబీటీలు చేరినవి. బరువైన గేటు పెట్టెలు పోయి, గాజుపోగులతో వచ్చు ఆజ్ఞలను అందుకొను పలుచని ఫలకములు వచ్చినవి. 2018లో మద్రాసు పెరంబూరు కర్మాగారము నిర్మించిన మొదటి వందేభారత్ బండికి చోదక విద్యుత్ పరికరములను సమకూర్చినది హైదరాబాదు సంస్థయగు మేధా. 2023 ఏప్రిలు 8న ఆరంభమైన సికింద్రాబాదు–తిరుపతి వందేభారత్ ఈ మార్గముననే పోవుచున్నది. ఇతరుల నుండి జీటీఓ ఇంజనులను కొని తెచ్చుకొన్న దేశము పాతికేండ్లు నిండకమునుపే తన గేటు ఆజ్ఞలను తాను వ్రాసికొనుట నాకు గర్వకారణము. కోదాడకు మాత్రము ఇప్పటికిని రైలు లేదు.

కోదాడ చెంత అనంతగిరిలోని ఇంజనీరింగు కళాశాలలోను, ఈ సీమలోని ఇతర కళాశాలలలోను విద్యార్థులు నేర్చు పవర్ ఎలక్ట్రానిక్స్ ప్రయోగములలో, జవాహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయపు పాఠ్యక్రమమును బట్టి, నిరోధకముతో, నిరోధక కెపాసిటర్లతో, యూజేటీతో థైరిస్టరును మేల్కొల్పు వలయములు ఆదిలోనే యుండెడివి. కొందరు వానిని కాలము చెల్లిన పాఠములని త్రోసివేయుదురు. నేను వారితో ఏకీభవింపను. కెపాసిటరు నిండుటయు, మట్టము చేరుటయు, పల్సు లేచుటయు తెరపై కన్నులార చూచిన విద్యార్థికి గేటు స్వభావము బోధపడినట్లు, సిద్ధముగా తెచ్చిన చిప్పును చూచినవానికి బోధపడదు. వాని సరసన ఐజీబీటీ డ్రైవును కూడ నిలిపి, షార్టును కల్పించి, ఆ 10 మైక్రోసెకండ్ల ఘట్టమును చూపవలసియున్నది. నేడు ప్రవేశించుచున్న సిలికాను కార్బైడు మీటలు అంతకంటె అల్పకాలము మాత్రమే ఓర్చుకొనును గనుక ఆ పాఠము మరింత ఆవశ్యకము.

మరియొక సంగతి. ఇటీవలి డ్రైవులలో ఐజీబీటీలను వాని గేటు వలయములతో సహా ఒకే దిమ్మెలో మూసి పంపుచున్నారు. చెడినచో దిమ్మె నంతను పారవేసి క్రొత్తదానిని కొనవలసినదే, లోపల నేమి జరిగినదో చూచువా డుండడు. ఇదే కాలమున పాత డీసీ డ్రైవులను తొలగించి ఏసీ డ్రైవులను పెట్టుచున్న కర్మాగారములలో ఆనాటి ఫైరింగు కార్డులు తుక్కు బరువున అమ్ముడుపోవు స్థితిలో నున్నవి. యూజేటీయు, పల్సు ట్రాన్సుఫార్మరును, అంచున మరమ్మతు చేసిన నాటి టంకపు గురుతులును గల ఆ కార్డులలో కొన్నింటినైనను తూకమునకు పోనీయక ఈ కళాశాలల ప్రయోగశాలలకు ఒప్పగింపవలెనని, వానిని నడిపిన వృద్ధ ఎలక్ట్రీషియన్లను పిలిపించి, ఏ పల్సు లోపించిన మోటారు ఎట్లు పలికెడిదో వారి నోటనే విద్యార్థులకు చెప్పింపవలెనని కర్మాగారముల వారిని, కళాశాలల వారిని నేను మనసార వేడుచున్నాను.